బురదలో దిగిన ట్రాక్టరు

నాట్ల రోజులు. మడిలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది. గట్టు పక్కన ఒక చక్రం బురదలో దిగింది. అది గిర్రున తిరుగుతోంది. బురద చిమ్ముతోంది. రెండో చక్రం గట్టినేల మీదే ఉంది. కానీ అది కదలడం లేదు. ఇది మీరు చాలాసార్లు చూసే ఉంటారు. రెండు చక్రాలకూ ఇంజను ఒక్కటే కదా! మరి ఒకటే ఎందుకు తిరుగుతుంది?

వెనకటి రోజుల్లో కళ్ళంలో ఎడ్లను వరసగా కట్టి వరి తొక్కించేవారు. నడుమ రాట దగ్గరున్న ఎద్దు చిన్నగా అడుగులు వేసేది. చివరనున్న ఎద్దు గబగబా నడిచేది. చక్రాలూ అంతే. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది. బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది. అందుకని వెనక చక్రాల మధ్య పళ్ళచక్రాల పెట్టె ఒకటి పెట్టారు. దాని పేరు డిఫరెన్షియల్. దానివల్ల రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగగలవు.

ఆ పెట్టె కావడి లాంటిది. రెండు పక్కలకూ సమానంగా బలం పంచుతుంది. కావడికి ఒక పక్క కుండ లేకపోతే రెండో పక్క కుండ నిలుస్తుందా? నిలవదు. బురదలో చక్రానికి పట్టు లేదు. కాబట్టి గట్టినేల మీది చక్రానికీ బలం అందదు.

దీనికే డిఫరెన్షియల్ లాకు ఉంది. చాలా ట్రాక్టర్లలో సీటు కింద, కుడికాలి మడమ దగ్గర చిన్న పెడలు ఉంటుంది. దాన్ని తొక్కితే రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. గట్టినేల మీది చక్రం బండిని లాగుతుంది.

చక్రం గిర్రున తిరుగుతుండగా మాత్రం పెడలు తొక్కకూడదు. లోపల పళ్ళు విరుగుతాయి. ముందు క్లచ్ తొక్కి చక్రం ఆగనివ్వాలి. చిన్న గేరు వేయాలి. ముందు చక్రాలు తిన్నగా పెట్టాలి. అప్పుడు లాకు తొక్కి, క్లచ్ మెల్లగా వదలాలి. బండి బయటికి రాగానే పెడలు మీద నుంచి కాలు తీసేయాలి. లాకు ఇంకా వదల్లేదా? క్లచ్ తొక్కి, స్టీరింగు కొద్దిగా అటూ ఇటూ తిప్పితే వదులుతుంది.

లాకుతో మలుపు తిరగరాదు. స్టీరింగు ఎంత తిప్పినా బండి ముందుకే తోసుకుపోతుంది. పొలం నుంచి కాలువ కట్ట ఎక్కేచోట ఇది ప్రాణం మీదికి వస్తుంది. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. అది లాకు వల్ల జరిగిందని నేననడం లేదు. కాలువ కట్ట మీద తప్పుకు చోటు ఉండదని చెబుతున్నాను. ట్రాలీ బరువు మోయడానికే, మనుషులు ఎక్కడానికి కాదు. ఈ మాట కూలికి పిలిచే మేస్త్రీకీ తెలియాలి.

లాకు వేసినా బండి రాకపోతే? కొందరు వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు లాగిస్తారు. ఇది చాలా చెడ్డ పని. చక్రాలు తిరగలేవు. ఇంజను మాత్రం ఆగదు. అప్పుడు బండి ముందు భాగం పైకి లేచి, రెప్పపాటులో వెనక్కి తిరగబడుతుంది. డ్రైవరు దాని కింద పడతాడు. దూకే సమయం కూడా ఉండదు. ముందుకు రాకపోతే వెనక్కి తీసి చూడాలి. అదీ కాకపోతే ఇంజను ఆపి, చక్రాల చుట్టూ బురద తవ్వాలి. ఇంకో బండితో లాగించాలి. తాడు తెగితే కొరడాలా కొడుతుంది. అందుకని ఆ సమయంలో తాడు పక్కన ఎవరూ ఉండకూడదు. తిరిగే చక్రం వెనక నిలబడి నెట్టకూడదు. రాళ్ళు ఎగిరి తగులుతాయి. "అమ్మా, కొంచెం నెట్టండి" అని డ్రైవరు అడిగినా "ముందు ఇంజను ఆపు" అనండి.

ఇంకొక సంగతి. పెడలు కింద బురద ఎండి గడ్డకడుతుంది. అప్పుడు పెడలు పైకి లేవదు. లాకు పడిపోయే ఉంటుంది, డ్రైవరుకు తెలియదు. పొద్దున్నే బండి తీసేముందు ఆ మట్టిని పుల్లతో గీకేయాలి. పెడలు చేత్తో నొక్కి వదలాలి. టక్కున పైకి రావాలి. రాకపోతే మెకానిక్కుకు చూపించాకే బండిని రోడ్డెక్కించాలి.