ఫుట్‌నోట్ దగ్గరే అసలు పరీక్ష

వైద్యం, భౌతికశాస్త్రం వంటి రంగాలలో ఒక పరిశోధన వ్యాసం అచ్చుకు తగినదో కాదో ఆ శాస్త్రంలో తలపండిన నిపుణులు తేలుస్తారు. న్యాయశాస్త్రంలో, ముఖ్యంగా అమెరికాలో, ఆ అధికారం చాలావరకు ఇంకా పట్టా చేతికి రాని విద్యార్థులది. ఆచార్యులు పంపిన వ్యాసాలను వారే ఎంపిక చేస్తారు, సరిదిద్దుతారు, నచ్చకపోతే తిప్పి పంపుతారు. ఆ సంపాదక వర్గంలో చోటు సంపాదించడం మాత్రం అంత సులభం కాదు.

ఈ పత్రికలలో ప్రసిద్ధమైన హార్వర్డ్ లా రివ్యూ తొలి సంచిక 1887 ఏప్రిల్‌లో వెలువడింది. వ్యక్తిగత గోప్యత హక్కుపై శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండీస్ రాసిన వ్యాసం 1890లో అచ్చయింది అందులోనే. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో భారత సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన పుట్టస్వామి తీర్పులోనూ ఆ వ్యాసం ప్రస్తావనకు వచ్చింది. విద్యార్థుల పత్రికే కదా అని తీసిపారేయడానికి వీలులేదు.

ఒకప్పుడు మొదటి సంవత్సరం మార్కులే సభ్యత్వానికి ప్రధాన కొలమానం. కాలక్రమంలో రాత పోటీకి ప్రాధాన్యం పెరిగింది. దీనిని రైట్-ఆన్ అంటారు. సాధారణంగా మొదటి ఏడాది పరీక్షలు ముగియగానే, విద్యార్థులందరికీ ఒకే కాగితాల కట్ట ఇస్తారు. అందులో తీర్పులు, చట్ట భాగాలు, వ్యాసాలు ఉంటాయి. బయటి గ్రంథాల జోలికి పోకుండా, గడువులోగా, ఒక తీర్పుపై విశ్లేషణ రాయాలి. సమాధాన పత్రంపై పేరు ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది.

అంతకంటే కఠినమైనది రెండో భాగం. కావాలనే తప్పులు చొప్పించిన కొన్ని పేజీల వ్యాసం ఇచ్చి, వాటిని పట్టుకోమంటారు. కామా తప్పినా, తీర్పు సంవత్సరం మారినా, ఉటంకించిన వాక్యం మూలంలో లేకపోయినా గుర్తించాలి. ఫుట్‌నోట్ల తీరు బ్లూబుక్ అనే నియమావళికి లోబడి ఉండాలి. 1926లో పలుచని పుస్తకంగా మొదలైన ఆ నియమావళి నేడు వందల పేజీలకు పెరిగింది. దానితో కుస్తీ పట్టని అమెరికా న్యాయ విద్యార్థి అరుదు.

కొన్ని పత్రికలు పోటీ ఫలితాన్నే చూస్తాయి, కొన్ని దానికి మార్కులను జోడిస్తాయి. చేరిన తొలి ఏడాది పని ప్రధానంగా ఫుట్‌నోట్లను మూలాలతో సరిచూడటమే. మరుసటి ఏడాది నాయకత్వాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. హార్వర్డ్ పత్రికకు ఒక మహిళ అధ్యక్షురాలు కావడానికి 1976 వరకు పట్టింది. తొలి నల్లజాతి అధ్యక్షుడిగా బరాక్ ఒబామా ఎన్నికైనది 1990లో. పేర్లు దాచిన పరీక్ష ఉన్నంత మాత్రాన తలుపులు అందరికీ సమానంగా తెరుచుకోలేదన్నది చరిత్ర.

భారతదేశంలో ఈ సంప్రదాయం జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలతో బలపడింది. బెంగళూరులో నేషనల్ లా స్కూల్ ఆఫ్ ఇండియా రివ్యూ, హైదరాబాద్‌లో నల్సార్ స్టూడెంట్ లా రివ్యూ విద్యార్థుల సంపాదకత్వంలో వెలువడుతున్నాయి. మన దేశంలో ఇటువంటి పత్రికల ఎంపికలో సాధారణంగా సవరణ పరీక్ష, ఒక వ్యాసాన్ని స్వీకరించాలా వద్దా అన్న దానిపై కారణాలతో కూడిన అభిప్రాయం, కొన్నిచోట్ల మౌఖిక పరీక్ష ఉంటాయి.

ఇక్కడ చిక్కు భాషతోనే. క్లాట్ ప్రవేశ పరీక్ష మొదలు పత్రిక దాకా అంతా ఇంగ్లీషే. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి విశ్లేషణలో దీటుగా ఉన్నా, వాక్య సవరణ దగ్గర వెనుకబడే ప్రమాదం ఉంది. ఉటంకింపులను సరిచూడటం మాత్రం ఏ మాధ్యమంలో చదివినవారికైనా సాధనతో పట్టుబడే విద్య. ఎంపికలో దానికి ఎంత బరువు ఇస్తారన్నది చిన్న విషయం కాదు.

ఆ విద్య విలువ 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో తేటతెల్లమైంది. ఒక విమానయాన సంస్థపై వేసిన దావాలో, చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను న్యాయవాదులు నిజమైనవిగా ఉదహరించారు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. పత్రికలో కొత్తగా చేరిన రెండో సంవత్సరం విద్యార్థికి మొదట అప్పగించేది సరిగ్గా ఆ పనే: ఉదహరించిన తీర్పు తెరిచి, చెప్పిన పేజీలో చెప్పిన మాట ఉందో లేదో చూడటం.