ఆపరేషన్ మెడకు... బొంగురు గొంతుకు!

మెడనొప్పి తగ్గింది. చేతిలో తిమ్మిరీ పోయింది. తీరా మాట్లాడబోతే గొంతులోంచి గాలి తప్ప మాట రాదు! మెడ డిస్కు ఆపరేషన్ చేయించుకున్న కొందరికి ఎదురయ్యే అనుభవమిది. వెన్నెముక ఎక్కడ, గొంతు ఎక్కడ అనిపిస్తుంది కదూ!

మెడలో జారిన డిస్కును తీయడానికి చాలాసార్లు ముందువైపు నుంచే వెళతారు. 1950ల్లో అమెరికా సర్జన్లు రాబిన్సన్, స్మిత్, క్లోవార్డ్ చూపిన దారి ఇది. గొంతు పక్కన చిన్న కోత పెట్టి, శ్వాసనాళాన్నీ ఆహారనాళాన్నీ ఓ పక్కకు జరుపుతారు. స్వరతంత్రుల్ని కదిలించే నరం ఉండేదీ అక్కడే.

ఆ నరం నడక మహా చిత్రం. మెదడు నుంచి నేరుగా వచ్చే 12 జతల నరాల్లో పదోదైన వేగస్‌కు ఇది కొమ్మ. ఎడమవైపున ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే బృహద్ధమనిని చుట్టి, మళ్లీ పైకెక్కి గొంతును చేరుతుంది. దీన్ని కోస్తే పంది అరుపు ఆగిపోతుందని రెండో శతాబ్దంలోనే రోమ్‌లో గాలెన్ అందరి ముందూ చూపించాడు.

సర్జన్ నరం కోసేశాడేమోనని రోగి ఇంట్లోవాళ్లు మండిపడుతుంటారు. చాలాసార్లు అది తెగదు, నలుగుతుంది. కండరాల్ని పక్కకు పట్టి ఉంచే పరికరం ఒకవైపు, శ్వాస కోసం వేసిన గొట్టం చుట్టూ ఉబ్బిన గాలిబుడగ మరోవైపు. మధ్యలో నరం! పరికరం బిగించాక బుడగలో గాలి తీసి మళ్లీ నింపితే తాత్కాలికంగా గొంతు పడిపోయే కేసులు 6.4 శాతం నుంచి 1.7 శాతానికి తగ్గాయని 2000లో అమెరికా వైద్యులు ప్రకటించారు. తరవాతి పరిశోధనలన్నీ దీన్ని బలపరచలేదు. అయితే వాళ్లు చూసిన 900 మందిలో 30 మందికి స్వరతంత్రి పడిపోగా, శాశ్వతంగా మిగిలింది ముగ్గురికే.

గొట్టం ఒరుసుకున్నా నాలుగు రోజులు గొంతు బొంగురుపోతుంది. వారాలు గడిచినా తగ్గకపోతే, నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతుంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. పాఠాలు చెప్పేవాళ్లకీ పాటలు పాడేవాళ్లకీ అది చిన్న గడువేం కాదు! ఈలోగా స్వర వ్యాయామాలు, అవసరమైతే పడిపోయిన తంత్రిని మధ్యకు జరిపే ఇంజెక్షన్ సాయపడతాయి.

అసలు ప్రమాదం రెండో ఆపరేషన్‌తో. ఒక తంత్రి పడిపోయినా రెండోది సర్దుకుపోతే గొంతు మామూలుగానే ఉంటుంది, రోగికీ తెలియదు. అప్పుడు అవతలివైపు నుంచి కోసి ఆ నరమూ దెబ్బతింటే ఊపిరాడదు, మెడకు రంధ్రం చేయాల్సి వస్తుంది. అందుకే మెడకో థైరాయిడ్‌కో ఇదివరకు ఆపరేషన్ అయినవాళ్లు సర్జన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి. కెమెరాతో గొంతులోకి చూస్తారు. ఒకవైపు తంత్రి కదలడం లేదని తేలితే, పాత మచ్చ ఉన్నా సరే, ఆ దెబ్బతిన్న వైపు నుంచే లోపలికి వెళతారు.