నొప్పి ఏ పనిని ఆపుతోందో చెప్పండి

"నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే చాలామంది "చాలా ఉందమ్మా" అనో, "ఫర్వాలేదు సిస్టర్" అనో చెప్పి ఊరుకుంటారు. వైద్యానికి ఆ మాట చాలదు. మోకాలి నొప్పికి ఇద్దరూ పదికి 6 అనవచ్చు. కానీ ఒకరు బజారుకు నడిచి వెళ్ళి వస్తారు; ఇంకొకరు బాత్‌రూముకు వెళ్ళడానికే గోడ పట్టుకుంటారు. ఇద్దరికీ ఒకే వైద్యం సరిపోదు.

అందుకే 'బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ' అనే ప్రశ్నల పత్రం వాడతారు. అమెరికాకు చెందిన చార్లెస్ క్లీలాండ్, ఆయన సహచరులు మొదట క్యాన్సర్ రోగుల కోసం దీన్ని తయారుచేశారు. గత 24 గంటల్లో నొప్పి ఈ 7 విషయాలకు ఎంత అడ్డు వచ్చిందని అందులో అడుగుతారు:

1. రోజువారీ కార్యకలాపాలు
2. మనసు, హుషారు
3. నడక
4. ఇంటి పని, బయటి పని
5. నలుగురితో కలవడం
6. నిద్ర
7. జీవితంలో సంతోషం

ఒక్కోదానికి 0 నుంచి 10 వరకు మార్కు వేయాలి. 0 అంటే అడ్డు లేదు, 10 అంటే పూర్తిగా అడ్డు. అన్నీ కూడి 7తో భాగిస్తే సగటు వస్తుంది.

సగటుతో పాటు విడి మార్కులూ ముఖ్యమే. నిద్రకు 9 ఉంటే రాత్రి నొప్పికి మందు వేళలు మార్చాలేమో చూస్తారు. నడకకు ఎక్కువుంటే వ్యాయామం, చేతికర్ర అవసరం కావచ్చు. మనసుకు ఎక్కువుంటే దిగులుకు కూడా సాయం కావాలి. దీర్ఘకాలపు నొప్పి పూర్తిగా పోకపోయినా, సగటు 6 నుంచి 4కు దిగితే అది మంచి మార్పే.

బాధ చెప్పకుండా మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొని రోజూ మింగేవారున్నారు. వాటిలో చాలా రకాలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్ళు మొహమాటంతో చెప్పరు. బిందె ఎత్తడం, ఆదివారం గుడికి రావడం మానేశారేమో కుటుంబసభ్యులే గమనించాలి.

ఛాతీ నొప్పి వచ్చినా, హఠాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడినా, నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా మార్కులు వేస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి రండి.

మిగతావారు చెకప్‌కు వారం ముందు నుంచి రోజూ పడుకునే ముందు ఈ ఏడు మార్కులు ఒక కాగితం మీద రాసి, మందుల చీటీతో పాటు తీసుకురండి. రాయడం రానివారు చెబితే మా నర్సులు రాసుకుంటారు.