ముందు గేట్లు లెక్కపెట్టండి

వానాకాలంలో గంగ, అంటే మన గోదావరి, పొంగిందంటే చాలు, మన ఫోన్లలో ఏదో ఒక కట్ట తెగిపోతుంది. ‘కడెం డ్యాము తెగింది, అందరికీ పంపండి’ అంటూ ఒక వీడియో వస్తుంది. పంపింది మన మేనమామే కావచ్చు, ఎన్నడూ అబద్ధమాడని మనిషే కావచ్చు. కానీ ఆ వీడియో తీసింది ఆయన కాదు. ఎక్కడినుంచో వచ్చింది, ఆయన ముందుకు తోశాడు, అంతే.

నేనైతే మొదట గేట్లు చూస్తాను. నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు 18 గేట్లు. కరీంనగర్‌ను ఆనుకొని ఉన్న దిగువ మానేరుకు 20, శ్రీరాంసాగర్‌కు 42, ఎల్లంపల్లికి 62, మేడిగడ్డకు 85. ఈ చివరినుంచి ఆ చివరిదాకా కనిపించే డ్యాముకు పదే గేట్లుంటే అది కడెం కాదు, ఎవరెన్ని ఒట్లు పెట్టుకున్నా సరే. బండ్ల నంబరు ప్లేట్లు, బోర్డుల మీది అక్షరాలు, వెనక వినిపించే మాటల యాస కూడా గుట్టు విప్పుతాయి. వీడియోలోని ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత తేదీ బయటపడవచ్చు. పడితే పని తేలినట్టే. పడనంత మాత్రాన కొత్తదని మాత్రం కాదు.

అలాగని అన్నీ పుకార్లేనని కొట్టిపారేస్తే ప్రాణాల మీదికొస్తుంది. 2022 జూలైలో కడెంకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా పోయేది సుమారు 3 లక్షలే. అప్పుడు ఒక గేటు తెరుచుకోనేలేదు. నీళ్లు గేట్ల మీదినుంచి పారాయి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. డ్యాము నిలిచింది. అలాంటప్పుడు అధికారులు లెమ్మంటే లేవాలి, విచారణలు తర్వాత. మిగతా వేళల్లో నమ్మదగిన కబురుకు ఒక గుర్తుంది: కడెం పూర్తి మట్టం 700 అడుగులకు గాను ఇప్పుడెంత, ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత, ఏ గంటకు. ఆ గంట లేని కబురు నాకు లెక్కలోకి రాదు.

మేనమామను చూసి నమ్మినట్టే, పదవిని చూసి నమ్మడంలోనూ అదే చిక్కు. ఆ వరదల తర్వాత జూలై 17న భద్రాచలంలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, క్లౌడ్ బరస్ట్‌ల వెనక ఇతర దేశాల కుట్ర ఉందంటున్నారని, అదెంతవరకు నిజమో తెలియదని అన్నారు. గమనించండి, ఆయన చెప్పిందీ వేరెవరో అన్న మాటే. వాతావరణ శాఖ లెక్కలో క్లౌడ్ బరస్ట్ అంటే కొద్దిపాటి ప్రాంతంలో గంటలో 10 సెంటీమీటర్ల వాన. ఆ జూలైలో కురిసింది గోదావరి పరీవాహకమంతటా రోజుల తరబడి పట్టిన ముసురు.

వానకు సాక్ష్యం వాన కొలిచే యంత్రమే. హైదరాబాద్ వాతావరణ కేంద్రం, రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సొసైటీ ఆ లెక్కలు ఇస్తాయి. వాటిని చూసేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. వాతావరణ శాఖకు రోజు మొదలయ్యేది అర్ధరాత్రి కాదు, ఉదయం ఎనిమిదిన్నరకు. రాత్రి కురిసిన వాన మర్నాటి తేదీ కింద కనిపిస్తుంది. అందుకే ఒకే ఊరికి ఒకే తేదీన రెండు వేర్వేరు అంకెలు కనిపించినా, రెండూ నిజమే కావచ్చు.