నైరుతి వింతలు: తొందరపడినా కరువే, ఆలస్యమైనా కరువే

మన దేశంలో ఏడాదంతా కురిసే వానలో దాదాపు ముప్పావు వంతు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లోనే పడుతుంది. ఆ నాలుగు నెలల సగటు 87 సెంటీమీటర్లు. కొన్ని ఏళ్లు ఈ సగటును దాటిపోయాయి, కొన్ని దరిదాపులకైనా రాలేదు. ఆ రికార్డులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రైతుకు ఎప్పటి నుంచో తెలిసిన సత్యమే కనిపిస్తుంది. వాన ఎంత పడిందన్నది సగం సంగతే. అదునుకు పడిందా లేదా అన్నది అసలు సంగతి.

అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా వెనక

నైరుతి రుతుపవనాలు కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1. రికార్డుల్లో అన్నిటికన్నా ముందు వచ్చింది 1918లో, మే 11న. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది 1972లో, జూన్ 18న. ఆ రెండేళ్లూ కరువు ఏళ్లే! రెండింటిలోనూ దేశం మొత్తం మీద నాలుగో వంతు దాకా వాన లోటు. 2009లో కూడా రుతుపవనాలు మే 23కే వచ్చి ఆశపెట్టాయి. చివరికి సగటులో 78 శాతమే కురిసింది. ముందొచ్చిన వానను చూసి కాలం బాగుంటుందని నమ్మడానికి వీల్లేదు.

నిరుడు వరద, ఈ ఏడు కరువు

1918కి ముందటి ఏడాది 1917. గత శతాబ్దంలో దేశానికి అత్యధికంగా వానలు కురిసిన ఏళ్లలో అదొకటి. పన్నెండు నెలలు తిరిగేసరికి ఆ శతాబ్దపు మహా కరువుల్లో ఒకటి వచ్చిపడింది. అదే ఏడాది విషజ్వరం (ఇన్‌ఫ్లుయెంజా) కూడా ఊళ్ల మీద పడి కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. తిండి లేని ఒళ్లు జబ్బుకు త్వరగా లొంగింది.

కరువు నుంచి పుట్టిన శాస్త్రం

1876–78 నాటి మహా కరువులో మద్రాసు, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలు అల్లాడాయి. మన రాయలసీమ మాడిపోయింది. వానను ముందుగా పసిగట్టగలమా అన్న ప్రశ్న అప్పుడే గట్టిగా లేచింది. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. హిమాలయాల్లో మంచు ఎక్కువ పడిన ఏడాది మైదానాల్లో వాన తగ్గుతుందని ఆయన గమనించి, 1886 జూన్ 4న తొలి అధికారిక రుతుపవన అంచనా వెలువరించాడు.

వాన జాడ కోసం పసిఫిక్ దాకా

1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. అంతకుముందు వాతావరణంతో ఆయనకు పెద్దగా పరిచయం లేదు. భారతీయ గుమాస్తాలతో ప్రపంచం నలుమూలల వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం లెక్కలు తీయించి, ఏది దేనితో కలుస్తుందో వెతికించాడు. పసిఫిక్ మహాసముద్రం వైపు పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, అటు తగ్గితే ఇటు పెరుగుతుందని తేలింది. ఈ ఊగిసలాటకు, పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఎల్‌నినోకు ఉన్న సంబంధం 1960ల్లో గాని బయటపడలేదు. 1918, 1972, 2002, 2009 కరువులన్నీ ఎల్‌నినో ఏళ్లలో వచ్చినవే.

ఎల్‌నినో ఓడిన ఏడాది

1997లో గత శతాబ్దంలోకెల్లా బలమైన ఎల్‌నినోల్లో ఒకటి వచ్చింది. ఘోర కరువు తప్పదని అందరూ భయపడ్డారు. వాన మాత్రం సగటుకు మించి, 102 శాతం కురిసింది. ఎందుకని వెతికిన శాస్త్రవేత్తలకు హిందూ మహాసముద్రంలోనే మరో కారణం దొరికింది. ఆ సముద్రం పడమటి భాగం వేడెక్కి, తూర్పు భాగం చల్లబడితే మన వానలకు బలం చేకూరుతుంది. 1999లో ప్రపంచానికి తెలిసిన ఈ స్థితినే ఇండియన్ ఓషన్ డైపోల్ అంటున్నారు.

గురి తప్పిన అంచనా

2002లో వాన 101 శాతం ఉంటుందని అధికారిక అంచనా. కురిసింది 81 శాతం. నాట్లకు, విత్తుకు ఆయువుపట్టయిన జులైలో పడాల్సిన దాంట్లో సగమే పడింది. 1988 నుంచి వాడుతూ వచ్చిన పదహారు సూచికల పద్ధతిని దాని తర్వాత పక్కన పెట్టారు. ఇప్పుడు సముద్రాన్ని, గాలిని కలిపి లెక్కగట్టే నమూనాలు పుణె, నోయిడాల్లోని సూపర్ కంప్యూటర్లలో నడుస్తున్నాయి.

ఒక్క రోజులో ఏడాది వాన

మేఘాలయలోని మాసిన్‌రామ్‌లో ఏటా సగటున 11,870 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ప్రపంచంలో అంత తడిసే ఊరు మరొకటి లేదంటారు. దాని పొరుగునే ఉన్న చిరపుంజిలో 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా 26,000 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. పన్నెండు నెలల వానకు ప్రపంచ రికార్డు నేటికీ అదే. అయినా చలికాలంలో చిరపుంజి ఆడవాళ్లు తాగునీటికి నడవాల్సి వస్తుంది, ఎందుకంటే వాలు కొండల మీద పడిన నీరు నిలవదు.

2005 జులై 26న ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది. అదే నగరంలోని కొలాబాలో 73 మాత్రమే. మన దగ్గర 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది, తెలంగాణలో అదే రికార్డు. అనంతపురం జిల్లాకు ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లే వస్తుంది.

మఖలో వరుపు

1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం చూసిన అతి పొడి ఆగస్టు 2023దే. పడాల్సిన వానలో 36 శాతం లోటు. సెప్టెంబరులో వానలు తిరిగి పుంజుకోవడంతో నాలుగు నెలల లెక్క సగటులో 94 శాతానికి చేరింది. కాగితం మీద అది పెద్ద లోటు కాదు. కానీ వేరుశనగ ఊడలు దిగే వేళ తడి లేకపోతే ఆ తర్వాత ఎంత కురిసినా కాయ తిరిగి రాదు. మఖ, పుబ్బ కార్తెల్లో వరుపంటే మన పెద్దలు అంతగా ఎందుకు భయపడ్డారో ఆ ఏడాది మళ్లీ చూపించింది.

రైతు ఫోనుకు చేరిన అంచనా

2025లో రుతుపవనాలు మే 24కే కేరళకు వచ్చాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదలు. మే 26కల్లా ముంబయి చేరి, అక్కడ రికార్డు సృష్టించి, ఆపైన దాదాపు మూడు వారాలు కదలకుండా ఆగిపోయాయి. ఆ ఏడాది 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు, తమ ప్రాంతానికి నిఖార్సయిన వానలు ఎప్పుడొస్తాయో చెప్పే సందేశాలు ఫోన్లకు వెళ్లాయి. మధ్యలో వచ్చే ఆ విరామాన్ని కూడా అవి ముందే చెప్పాయి. తొలకరి జల్లుకు విత్తేసి, మొలక ఎండిపోయి, మళ్లీ విత్తనాల కోసం అప్పు చేసే రైతుకు ఇది 87 సెంటీమీటర్ల జాతీయ సగటు కన్నా వెయ్యి రెట్లు విలువైన కబురు. బ్లాన్‌ఫోర్డ్ నాటి నుంచి జరిగిన కృషికి ఫలితం ఇలాగే కొలవాలి: మన మండలంలో ఏ వారం విత్తాలో, ఏ వారం ఆగాలో ముందే తెలిసి ఎన్ని ఎకరాల విత్తు నిలిచిందన్న లెక్కతో.