ఇంకో నాలుగు బస్తాలు వేస్తే?

కాకినాడలో మేము ఇల్లు కట్టుకున్నది 2012లో. అంతకుముందున్న అద్దె ఇంట్లో ఒక రాత్రి కప్పు నుంచి పెచ్చు ఊడి, మా పాప ఉయ్యాలకు జానెడు దూరంలో పడింది. పైకి చూస్తే, తుప్పుతో ఉబ్బిన ఊచలు! ఆ భయం నన్ను వదల్లేదు. అందుచేత మా శ్లాబు పోసే రోజున, ఖర్చయితే అయింది, సిమెంటు దగ్గర పిసినారితనం కూడదనుకున్నాను.

"మేస్త్రీ, నాలుగు బస్తాలు ఎక్కువైనా ఫరవాలేదు, దట్టించి వెయ్యి" అన్నాను. అతను అలాగే వేశాడు. మాలు బిగుసుకుందని రెండు బకెట్ల నీళ్ళు కూడా పోయించాడు.

ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మా మామయ్య అది చూసి గొడుగు ఎత్తి పని ఆపించాడు.

"ఒరేయ్, పెరుగు ఎక్కువ వేశానని బిందెడు నీళ్ళు పోస్తే అది మజ్జిగే అవుతుంది!"

ఆయన చెప్పిన సంగతి ఇది. సిమెంటు గట్టిపడడమంటే ఆరిపోవడం కాదు. నీటితో జరిగే రసాయనిక చర్య. దానికి కావలసిన నీరు సిమెంటు బరువులో సుమారు నాలుగో వంతే. పని సాగడానికి మరికొంత కలుపుతారు. మించిన నీరు ఆవిరై, కంటికి కనిపించని రంధ్రాలు మిగులుతాయి. ఆ దారినే సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ ఊచను చేరుతాయి. తుప్పుకు ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి గనుక, అది కాంక్రీటును లోపలినుంచి పగలదీస్తుంది.

"అయితే సిమెంటు తగ్గించవచ్చుగా?" అన్నాను.

"అదీ కుదరదు. తక్కువ నీళ్ళతో పని సాగాలన్నా, ప్రతి రాయినీ, ఊచనూ కప్పాలన్నా సిమెంటు ముద్ద చాలాలి కదా!"

2000 నాటి ఐ.ఎస్. 456 ప్రమాణం సముద్రతీరపు ఇళ్ళకు ఘనపు మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు ఉండాలంది. 50 కిలోల బస్తాకు నీళ్ళు, ఇసుకలోని తడితో సహా, 22.5 లీటర్లు మించకూడదు. సిమెంటుకు పై హద్దు కూడా ఉంది: 450 కిలోలు. అది దాటితే వేడి పుట్టి, ముడుచుకుని, పగుళ్ళు పడతాయి. పగులంటే ఉప్పుకు తలుపు తీసినట్టే.

ఆ నీళ్ళమాలు పారబోయించి, కొలిచి మళ్ళీ కలిపించాడు. శ్లాబు గట్టిపడగానే పైన మడులు కట్టించి, పది రోజులు నీళ్ళు నిలబెట్టించాడు.

"కలిపేటప్పుడు నీళ్ళ దగ్గర పిసినారివి కా, పోశాక దాతవు కా!"

ఆనాటి పాప ఇప్పుడు హైస్కూలుకు వెళుతోంది. ఆమె గది కప్పు ఇంతవరకు ఒక్క పెచ్చు రాల్చలేదు.