హీరో పాడాడు సరే... ఆ అమ్మాయి ఏమైంది?

మొన్న మా అక్క కూతురు వచ్చింది. మారేడ్‌పల్లి నుంచి మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. అయినా పండగలకు తప్ప రాని పిల్ల, ఉత్తి మంగళవారం నాడు గుమ్మంలో నిలబడేసరికి ఏదో ఉందనుకున్నాను. కాఫీ ఇస్తూ చూద్దును కదా, మెడ బోసిగా ఉంది.

"మెళ్లో గొలుసేదే?" అన్నాను.

ముందు తెగిందంది. తర్వాత మరమ్మతుకిచ్చానంది. రెండో గుక్క కాఫీ తాగాక నిజం చెప్పింది. కుదువ పెట్టిందట! ఓ అబ్బాయి ఉన్నాడు. నలుగురు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టుకుని హోటళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో పాడతాడు. వాడికి కొత్త గిటారు, పెద్ద స్పీకర్లు కావలసి వచ్చాయి. గొలుసు పోయింది, స్పీకర్లు వచ్చాయి. అంతవరకైతే సరేననుకుందాం. తాగి నలుగురిలో దీని మీద అరుస్తాడట. మర్నాడు పొద్దున్నే వచ్చి ఏడుస్తాడట.

"అదేంటే, నువ్వెలా ఊరుకున్నావ్?" అన్నాను.

"వాడంతే పిన్నీ. ఆర్టిస్టులు అలాగే ఉంటారు. వాడి లోపల చాలా బాధ ఉంది. నేను కూడా వదిలేస్తే వాడేమైపోతాడు?"

ఆ పిల్ల వెళ్లాక బియ్యం కడుగుతున్నా ఆ మాటే చెవిలో తిరిగింది. ఇది ఎక్కడో విన్న డైలాగే! ఎక్కడ? ఒకచోటేమిటి, ఎన్ని సినిమాల్లో వినలేదు, ఎన్ని కథల్లో చదవలేదు మనం!

కారు హీరో పోయి గిటారు హీరో వచ్చె

మన తల్లుల కాలంలో నవలా హీరో కారులో వచ్చేవాడు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'లో రాజశేఖరం గుర్తున్నాడా? అద్దె లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చుకుని, వంటింట్లో పోపు మాడుతున్నా పట్టించుకోకుండా చదివిన వాళ్లు మనలో ఎంతమంది లేరు! ఆ హీరో దగ్గర డబ్బుంది, హోదా ఉంది, కొంచెం కోపమూ ఉంది.

తర్వాత తరానికి గిటారు హీరో వచ్చాడు. వీడికి కారుండదు, సొంత ఇల్లుండదు, చాలాసార్లు అమ్మానాన్నా ఉండరు. జుట్టు దువ్వుకోడు. రాత్రంతా మేలుకుని మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. వేదికెక్కితే మాత్రం వేలమంది ఊగిపోతారు. దిగాక ఒక్కడే కూర్చుని తాగుతాడు. ఈ ముక్కలు వరసగా చెబితే చాలు, మిగతా కథ మీరే చెప్పేస్తారు. అవునా?

ఈ బొమ్మ గాల్లోంచి పుట్టలేదు. జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ 1970లో, జిమ్ మారిసన్ 1971లో చనిపోయారు. ముగ్గురూ పెద్ద పేరున్న రాక్ గాయకులు, ముగ్గురికీ 27 ఏళ్లే. 1994లో పోయిన కర్ట్ కొబేన్‌కీ అంతే వయసు. మందు, మత్తు పదార్థాలు, నిద్రలేని రాత్రులు, చుట్టూ డబ్బు కోసం మూగిన జనం. ఆ ఇళ్లలో అది దుఃఖం. కథలు రాసేవాళ్ల చేతిలో పడేసరికి మాత్రం అదో అందమైన అచ్చు అయిపోయింది. గొప్ప పాట కావాలంటే మనిషి పాడైపోవాలన్నట్టు!

మనకూ ఈ అచ్చు కొత్తది కాదు. శరత్‌బాబు దేవదాసును 1953లో తెలుగు తెర మీద చూసి కన్నీళ్లు పెట్టుకున్న జాతి మనది. 1959లో వచ్చిన 'జయభేరి'లో అక్కినేని వేసిన కాశీనాథుడు మహా గాయకుడు. అంత విద్వత్తూ చివరికి మద్యం పాలవుతుంది. కాశీనాథుడి చేతికి గిటారిచ్చి, పట్టు ఉత్తరీయం తీసేసి తోలు జాకెట్టు తొడిగితే మన రాక్ స్టార్ తయారు!

లెక్క చూద్దాం రండి

ఆ రోజు రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. పాలలెక్క రాసినట్టు ఓ పట్టిక రాశాను. ఒక పక్క హీరోకి ఏం దక్కింది, రెండో పక్క ఆ ఇంటి ఆడదానికి ఏం మిగిలింది అని.

మొదట 1979లో బాలచందర్‌గారు తీసిన 'అందమైన అనుభవం'. తమిళంలో 'నినైత్తాలే ఇనిక్కుమ్' అనే పేరుతో కూడా తీశారు. కమల్‌హాసన్, రజనీకాంత్ బ్యాండులో పాడతారు. సింగపూర్ వెళతారు. విశ్వనాథన్‌గారి పాటలు ఊళ్లన్నీ మోగిపోయాయి. మరి జయప్రద? ఆ అమ్మాయికి తీరని జబ్బు.

1982లో 'డిస్కో డాన్సర్'. మిథున్ చక్రవర్తి ఆడితే దేశమంతా ఆడింది. మన బాలకృష్ణ 1984లో 'డిస్కో కింగ్'గా వచ్చింది ఆ కథతోనే. హిందీ సినిమాలో శత్రువులు గిటారుకి కరెంటు పెడతారు. దాన్ని పట్టుకుని చనిపోయేది ఎవరనుకున్నారు? హీరో తల్లి!

2011లో 'రాక్‌స్టార్'. రణబీర్ కపూర్‌కి ఒకాయన బోధిస్తాడు, గుండె పగలందే పాటలో జీవం రాదని. దాంతో ఈ అబ్బాయి బాధను వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఉప్పూకారం కొట్లో కొనుక్కున్నట్టు బాధ కూడా కొనుక్కోవచ్చనుకున్నాడు కాబోలు. రెహమాన్ సంగీతం గొప్పగా ఉంటుంది, కాదనను. కాని చివరికి పెళ్లయిన ఆ అమ్మాయి సంసారం పోయింది, తర్వాత ప్రాణమూ పోయింది. ఆయన మాత్రం వేలమంది ముందు పాడుతూనే ఉన్నాడు.

ఇంకో రకం కథ ఉంది. అందులో పోయేది హీరో. హాలీవుడ్‌లో 'ఎ స్టార్ ఈజ్ బార్న్' అనే కథను 1937 నుంచి 2018 దాకా నాలుగుసార్లు తీశారు. 1937లో హీరో సినిమా నటుడు, 1976కి వచ్చేసరికి రాక్ గాయకుడైపోయాడు. తాగుబోతు స్టారు ఓ కొత్త అమ్మాయిని పైకి తెస్తాడు. ఆమె పైకెళుతుంటే తను కిందికి జారిపోతాడు. అదే తీరు కథతో హిందీలో 2013లో 'ఆషికీ 2' వచ్చింది. దాన్నే 2014లో తెలుగులో 'నీ జతగా నేనుండాలి' అని తీశారు. ఇక్కడ అమ్మాయి బతుకుతుంది. అయితే తన పాటకు వచ్చిన ప్రతి చప్పట్లోనూ ఆయన చావును మోస్తూ బతుకుతుంది.

నా పట్టిక ముగిసేసరికి ఒకటి బాగా అర్థమైంది. ఈ కథల్లో పాట ఆయనది, ఖర్చు ఆమెది. తల్లి పోతే ఒక పాట, ప్రియురాలు పోతే ఇంకో పాట. ఇద్దరూ బతికుండి, పొద్దున్నే పాలు కాచుకుని, కరెంటు బిల్లు కట్టుకుని, సాయంత్రం కచేరీకి వెళ్లొచ్చే కథ మాత్రం ఎంత వెతికినా దొరకడం కష్టం.

ఒక్క 'అభిమాన్'

వెతగ్గా వెతగ్గా నాకు బాగా నచ్చినది ఒకటి దొరికింది. 1973లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన 'అభిమాన్'. అమితాబ్ పేరున్న గాయకుడు. పల్లెటూళ్లో జయ పాట విని మనసుపడి పెళ్లి చేసుకుంటాడు. ఆయనే పట్టుబట్టి ఆమె చేత పాడిస్తాడు. తీరా ఆమెకు తనకంటే ఎక్కువ పేరొచ్చేసరికి ఓర్చుకోలేకపోతాడు. ఆమె పుట్టింటికి వెళ్లిపోతుంది, కడుపులో బిడ్డ పోతుంది, నోట మాట కూడా పోతుంది. చివరికి ఇద్దరూ కలిసి పాడితే తప్ప ఆ ఇల్లు నిలబడదు.

ఈ సినిమాలో ఆయన్ని చూసి "కళాకారుడు కదా, అంతేలే" అని ఎవరూ వెనకేసుకురారు. తప్పు తప్పే అంటారు. అందుకే నాకది నచ్చింది.

నిజ జీవితంలోనూ ఇలాంటివి లేకపోలేదు. తెలుగు సినిమాకు తొలి నేపథ్య గాయనిగా పేరున్న రావు బాలసరస్వతీదేవిగారు 1944లో కోలంక రాజావారిని పెళ్లాడారు. ఆ తర్వాత కొన్నేళ్లకు, భర్తకు ఇష్టం లేదని, సినిమా పాటకు దూరమైపోయారు. అంత లలితమైన గొంతు! ఆ మౌనం మీద ఎవరూ సినిమా తీయలేదు, చూశారా?

తెర వెనక గొంతు ఎవరిది?

మరో సంగతి చెప్పనా? 'అందమైన అనుభవం'లో ఆ గిటారు కుర్రాడు ఊగిపోతూ పాడే పాటల వెనక ఉన్న గొంతు మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారిది. ఇంజినీరింగ్ చదువుతూనే పాటల పోటీలకు వెళ్లిన కుర్రాడు. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'తో మొదలుపెట్టి 2020లో కన్నుమూసేదాకా వేల పాటలు పాడారు. 1996 నుంచి 'పాడుతా తీయగా'లో పిల్లలకు ఎక్కడ గమకం తప్పిందో, ఎక్కడ ఒత్తు పలకలేదో ఓపిగ్గా చెప్పారు. తెర మీద హీరో పిచ్చివాడిలా తిరిగితే పాట వచ్చేసినట్టు కనిపిస్తుంది. తెర వెనక అది టైముకు స్టూడియోకి వెళ్లడం, నోట్సు రాసుకోవడం, మళ్లీ మళ్లీ పాడటం. అంటే అచ్చంగా మన వంటలాగే! రోజూ చేస్తేనే చెయ్యి తిరుగుతుంది.

ఇంకొకరు మన భానుమతిగారు. నటి, గాయని, దర్శకురాలు, స్టూడియో యజమానురాలు. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తీశారు. ఆవిడ ముందు పెద్దపెద్ద హీరోలే తగ్గి ఉండేవారంటారు. స్టార్ అంటే అలా ఉండాలి! అంతటి ఆవిడ కలం పట్టుకుని ఏం రాశారు? 'అత్తగారి కథలు'. అత్తగారూ, ఆవకాయా, ఇంటి గొడవలూ. కళ ఉన్నవాళ్లకు ఇల్లు పట్టదన్న మాటకు ఆ ఒక్క పుస్తకం చాలు జవాబు.

మరి ఇంట్లో గిటారు మోగితే?

మన సికింద్రాబాద్‌కి గిటారు కొత్తేమీ కాదు. రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలున్న రోజుల నుంచి ఇక్కడ ఇంగ్లీషు పాటలూ, డాన్సులూ ఉన్నాయి. ఇంగ్లీషు సినిమాలకు పేరుపడ్డ సంగీత్ థియేటర్ ఇప్పుడు లేదు గాని, అక్కడ సినిమా చూసొచ్చి మూతికి చీపురుపుల్ల పెట్టుకుని సిగరెట్టులా పోజిచ్చిన కుర్రాళ్లే ఇవాళ తాతలు. కాబట్టి మీ అబ్బాయి గిటారు కొనమంటే బెంబేలెత్తిపోకండి. వాద్యం మీద అలగడం దండగ. కొన్ని సంగతులు మాత్రం గమనించుకోండి.

* రోజూ సాధన చేస్తున్నాడా, లేక జుట్టు మాత్రమే పెంచుతున్నాడా? సాధన చేస్తుంటే ఆ గంట టీవీ కట్టేసి సాయపడండి. ఇరుగుపొరుగు వాళ్లకు ఇబ్బంది లేని వేళ మీరే నిర్ణయించండి.

* ఖరీదైన వాద్యం మొదటిరోజే వద్దు. మామూలుదానితో ఆర్నెల్లు నేర్చుకున్నాక, తను కొంత కూడబెడితే మీరు కొంత కలపండి. తన డబ్బు పడితే విలువ తెలుస్తుంది.

* "నా మూడ్ బాగాలేదు" అని కంచం విసిరితే, కంచం తనే తీసి, నేల తనే తుడవాలి. సంగీతం వచ్చినవాడికి వేరే రూలు లేదు.

* మీ అమ్మాయి "వాడిలో బాధ ఉంది" అంటే కోప్పడి తలుపులేయకండి. తలుపేస్తే కథలో మీరు విలనైపోతారు, వాడు ఇంకాస్త హీరో అవుతాడు. కూర్చోబెట్టి ఒక్కటే అడగండి. "వాడి బాధకు నువ్వున్నావు. నీ బాధకు ఎవరున్నారే?"

* తాగుడు మానిపించడానికి డాక్టర్లున్నారు, ఆసుపత్రులున్నాయి. అది ఓ ఆడపిల్ల ప్రేమతో, మెళ్లో గొలుసుతో అయ్యే పని కాదు. చెయ్యి చేసుకున్నాడని తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. పెద్దవాళ్లను పిలవండి, అవసరమైతే పోలీసులకు చెప్పండి.

చివరగా...

సినిమాలు చూడొద్దనడం లేదు. రేపు టీవీలో 'రాక్‌స్టార్' వస్తే నేనూ చూస్తాను, రెండు పాటలకు కళ్లు కూడా తుడుచుకుంటాను. కథలో ఏడవడానికి మనకు హక్కుంది. టికెట్టు కొన్నాం కదా! కాని హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు ఆ అమ్మాయి ఏమైందని ఒక్కసారి అడగండి. మన ఆడపిల్లలు వింటుండగా అడగండి.

నిన్న మా అక్క కూతురు మళ్లీ వచ్చింది. నా పట్టిక చూపించాను. నవ్వలేదు, ఏడవలేదు. రెండుసార్లు చదివి మడతపెట్టి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. గొలుసు డబ్బు నెలనెలా కొంచెం చొప్పున ఇచ్చెయ్యమని అంతకు ముందే వాణ్ణి అడిగిందట.

"ఏమన్నాడే?"

"ఏమీ అనలేదు పిన్నీ. నాలుగు రోజులైంది, ఫోన్ చేయలేదు."

"మరి నువ్వు?"

"నేనూ చెయ్యలేదు" అంది.

ఆ పూట రెండు దోసెలు ఎక్కువే తింది.